కాటలోనియా: ఇంటి నడుమ గీచిన గీత

2017 సెప్టెంబరు 29వ తేదీ శుక్రవారమునాడు కాటలోనియాలోని అనేక పాఠశాలలలో సాయంకాలపు గంట మ్రోగినను బడులు ఖాళీ కాలేదు. తల్లిదండ్రులు పరుపుచుట్టలును, ఆహారపదార్థములును తెచ్చుకొని పిల్లలతోకూడ తరగతి గదులలో విడిది చేసిరి. పేరునకు ఆటలు, పాటలు, కథాకాలక్షేపములు. నిజమునకు ఆదివారము ఉదయమువరకు ఆ బడుల తలుపులు మూతపడకుండ కాచుకొనుటయే వారి ఉద్దేశము. ఏలయన అక్టోబరు 1వ తేదీన ఆ బడులే వోటింగు కేంద్రములు కావలసి యుండెను. కాటలోనియా స్పెయిన్‌నుండి విడివడి స్వతంత్ర గణరాజ్యము కావలెనా అనునది ప్రశ్న. ఆ వోటింగును స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానము అంతకు మూడు వారములకు ముందే నిలిపివేసి యుండెను.

ఆదివారమునాడు తెల్లవారకముందే వానలో జనులు బారులు తీరిరి. తొమ్మిది గంటలు దాటిన పిమ్మట కేంద్రప్రభుత్వపు పోలీసులు కొన్ని బడుల తలుపులు పగులగొట్టి వోటు పెట్టెలను పట్టుకొనిపోయిరి. అడ్డువచ్చినవారిపై లాఠీలు విరుచుకుపడెను. బార్సిలోనాలో రబ్బరు గుండు తగిలి ఒకనికి కన్ను పోయెను. చేతులు పైకెత్తి నిలుచున్న వృద్ధులను బడి మెట్లమీదుగా ఈడ్చివేయుట లోకమంతయు చిత్రములలో చూచెను. ఒక ప్రజాస్వామ్య ప్రభుత్వమునకు అంతకంటె అపకీర్తికరమైన ఉదయము ఉండబోదు.

పిమ్మట లెక్కలు వెలువడెను. సుమారు 53 లక్షల వోటర్లలో 22 లక్షల 86 వేలమంది వోటు చేసిరనియు, వారిలో నూటికి 90 మంది స్వాతంత్ర్యమును కోరిరనియు బార్సిలోనా ప్రభుత్వము ప్రకటించెను. మాడ్రిడ్‌లో ప్రధానమంత్రి మరియానో రహోయ్ లెక్కయే చెప్పలేదు. ఆనాడు ప్రజాభిప్రాయ సేకరణ అనునదే జరుగలేదని ఆయన వాదము. ఒకరు తొంబదిని చూపిరి, ఒకరు సున్నను చూపిరి. వోటు చేయని 57 మంది సంగతి ఇరువురికిని పట్టలేదు. పోలీసులు ఎత్తుకొనిపోయిన పెట్టెలలోని వోట్లు లెక్కకు రాలేదన్నది నిజమే. అయినను ఇంటివద్దనే యుండిపోయినవారిలో అధికసంఖ్యాకులు భయపడి ఆగినవారు కారు. ఆ వోటింగు తమది కాదని తలచినవారు.

ఈ వివాదమును మాడ్రిడ్‌నకును బార్సిలోనాకును నడుమ జరిగిన పోరుగా చెప్పుట పరిపాటి. రెండు ప్రభుత్వములకును అట్లు చెప్పుటయే అనుకూలము. కేంద్రమునకు అది చట్టమును మీరిన కొందరు నాయకుల నేరము. కాటలోనియా నాయకులకు అది ఒక జాతిని అణచుచున్న రాజ్యపు దౌర్జన్యము. ఈ రెండు కథలలోను కాటలోనియా ఒక్కటే మనిషివలె నిలుచుండును. వాస్తవమందు ఈ వివాదపు సరిహద్దు ఎబ్రో నదివద్ద లేదు, అరగాన్ పొలిమేరవద్దను లేదు. అది కాటలోనియా నడిబొడ్డున, ఒకే వీధిలో, పెక్కు కుటుంబములలో ఒకే భోజనపు బల్లకు అడ్డముగా పోవుచున్నది. దానిని చూడ నిరాకరించుటవలననే ఇరుపక్షములవారును తప్పటడుగులు వేసిరి.

కాటలోనియా జాతీయ దినము సెప్టెంబరు 11. 1714లో ఆనాడు బార్సిలోనా నగరము ఐదవ ఫిలిప్ రాజు సేనలకు లొంగిపోయెను. ఓటమిని పండుగగా జరుపుకొను జాతులు లోకములో అరుదు. 1469లో అరగాన్ యువరాజు ఫెర్డినాండునకును, కాస్టీలు యువరాణి ఇసబెల్లాకును జరిగిన వివాహముతో రెండు కిరీటములు దగ్గరయినను, కాటలోనియా తన సభలను, తన శాసనములను నిలుపుకొనియే యుండెను. 1716 నాటి రాజశాసనము వానిని తుడిచివేసెను. 1714లో పోరాడినవారు ప్రత్యేక రాజ్యముకొరకు పోరాడలేదనియు, స్పెయిన్ సింహాసనమునకు మరియొక హక్కుదారుని పక్షమున పోరాడిరనియు ఇచట గుర్తుంచుకొనవలెను. పండుగలు చరిత్రలోని ఇట్టి చిక్కులను సహింపవు.

పందొమ్మిదవ శతాబ్దిలో బట్టల మిల్లులతో బార్సిలోనా సంపన్నమయ్యెను. సంపదతోపాటు భాషాభిమానము మేల్కొనెను. 1859లో పూవులను బహుమానముగా నిచ్చు ప్రాచీన కవితా పోటీలు పునరుద్ధరింపబడెను. ఇంటిలోను, అంగడిలోను మాత్రమే మిగిలిన కాటలాన్ భాష మరల కావ్యభాషయయ్యెను. దానికి స్థిరమైన వర్ణక్రమమును, వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చినవాడు పొంపెవ్ ఫాబ్రా. ఈయన వృత్తిచేత ఇంజనీరు. గిడుగు రామమూర్తి పంతులుగారికి ఇంచుమించు సమకాలికుడు. పంతులుగారు బడిపుస్తకపు తెలుగును జనుల నోటికి దగ్గర చేయుటకు పోరాడిరి. ఫాబ్రా జనుల నోట మాత్రము నిలిచిన భాషను బడిపుస్తకమునకు తగునట్లు తీర్చెను. దారులు ఎదురెదురుగా కనిపించినను గమ్యము ఒక్కటే. ఫాబ్రా నిఘంటువు 1932లో వెలువడెను. ఏడేండ్లు గడచునప్పటికి ఆ భాషకు బడిలో తావు లేకపోయెను. నిఘంటుకారుడు ఫ్రాన్సులో ప్రవాసియై 1948లో అచటనే కన్నుమూసెను.

ఆ ఏడేండ్లలో జరిగినదేమి? 1931లో స్పెయిన్ గణరాజ్యమయ్యెను. మరుసటి సంవత్సరమే కాటలోనియాకు స్వయంపాలన లభించెను. 1934 అక్టోబరు 6న అధ్యక్షుడు లూయిస్ కంపాన్యస్ స్పెయిన్ సమాఖ్యలో అంతర్భాగముగా కాటలాన్ రాజ్యమును ప్రకటింపగా, తెల్లవారునప్పటికి సైన్యము దానిని అణచివేసెను. 1939 జనవరిలో ఫ్రాంకో సేనలు బార్సిలోనాలో ప్రవేశించెను. ఫ్రాన్సులో తలదాచుకొన్న కంపాన్యస్‌ను జర్మనులు పట్టి అప్పగింపగా, 1940 అక్టోబరు 15న బార్సిలోనాలోని మొంజూయిక్ కోటలో ఆయనను కాల్చి చంపిరి. ప్రజలు ఎన్నుకొన్న అధ్యక్షునకు పట్టిన ఈ గతి కాటలోనియా స్మృతిలో ఎట్లు నిలిచియున్నదో ఎరుగనివారికి 2017 నాటి ఉద్రేకము అర్థము కాదు.

అయితే ఫ్రాంకో కాలమున మరియొక మార్పు సద్దులేకుండ జరిగెను. ఈ వివాదమునకు అదియే ఆయువుపట్టు. ఆండలూసియా, ముర్సియా, ఎక్స్‌ట్రెమదూరా ప్రాంతములలోని భూమిలేని కూలీలు వేలకువేలుగా రైళ్లెక్కి బార్సిలోనాకు వచ్చిరి. 1950లో 32 లక్షలుగా నున్న కాటలోనియా జనాభా 1981 నాటికి 60 లక్షలకు చేరువయ్యెను. మొంజూయిక్ కొండవాలున రేకుల గుడిసెలు లేచెను. మోటారుకార్ల కర్మాగారములలోను, ఇండ్ల నిర్మాణములలోను, బట్టల మిల్లులలోను పనిచేసిన ఆ చేతులు స్పానిష్ మాటాడువారివి. అణచబడిన భాష మాటాడు సంపన్నునివద్ద, అణచిన రాజ్యపు భాష మాటాడు పేదవాడు కూలికి కుదిరెను. ఇందులో పీడకుడెవడు, పీడితుడెవడు? ఒక్కమాటలో జవాబు చెప్పువారిని నమ్మరాదు.

ఫ్రాన్సిస్కో కండేల్ అట్టి వలస కుటుంబపు బిడ్డ. గుడిసెలలో పెరిగి రచయితయయ్యెను. 1964లో ఆయన గ్రంథమొకటి ‘ఇతర కాటలానులు’ అను అర్థముగల పేరుతో కాటలాన్ భాషలోనే వెలువడెను. వచ్చినవారు పరాయివారు కారనియు, వారును కాటలానులేయనియు, కాని వేరొక త్రోవన కాటలానులైనవారనియు ఆ పేరే చెప్పుచున్నది. రాజకీయ పక్షములు వ్రాసికొన్న తీర్మానములకంటె ఆ రెండు పదములు కాటలోనియాకు ఎక్కువ మేలు చేసినవి.

ఆ మేలు బడిలో ఫలించెను. 1975లో ఫ్రాంకో మరణించిన పిమ్మట స్వయంపాలన మరల రాగా, ఏ భాషలో చదువు చెప్పవలెనను ప్రశ్న లేచెను. బాస్క్ దేశమువారు తల్లిదండ్రుల కోరికను బట్టి వేరువేరు బోధనా మార్గములను ఏర్పరచుకొనిరి. కాటలోనియాలోను అట్లే చేయవచ్చును: కాటలాన్ పిల్లలకు కాటలాన్ బడి, స్పానిష్ పిల్లలకు స్పానిష్ బడి. పైకి అదియే న్యాయముగా తోచును. దానిని కాదన్నవారిలో ముందు నిలిచినది వలస కార్మికులే. బార్సిలోనాకు ఆనుకొనియున్న సాంతా కొలోమా అను కార్మికుల పట్టణములో స్పానిష్ మాటాడు తల్లిదండ్రులు తమ పిల్లలకు కాటలాన్‌లో చదువు చెప్పుమని పట్టుపట్టిరి. భాష రాని బిడ్డ జీవితాంతము గుమ్మమువద్దనే నిలిచిపోవునని వారెరుగుదురు. 1983 నాటి శాసనము భాషను బట్టి పిల్లలను వేరుచేయరాదని విధించెను. బడి ఒక్కటే, బోధనాభాష కాటలాన్, చదువు ముగియునప్పటికి ప్రతి బిడ్డకును రెండు భాషలు రావలెను. ఆ నియమమును నిలిపినవారిలో వామపక్షములు, వలసవాడలు, కాటలాన్ జాతీయవాదులు కలిసియుండిరి. ఇల్లు రెండుగా చీలకుండ కాచిన దూలమేదైన నున్నచో అది ఈ ఉమ్మడి బడియే.

ఇంతవరకు కేంద్రముతో పోరు లేదు. 1978 నాటి రాజ్యాంగమును వ్రాసిన ఏడుగురిలో ఇరువురు కాటలానులు. దానిని కాటలోనియా వోటర్లలో నూటికి 90 మంది ఆమోదించిరి. ఆ రాజ్యాంగపు రెండవ అధికరణము విడదీయరాని స్పెయిన్ ఐక్యమును ఒక వాక్యములోనే ఉద్ఘాటించుచు, ఆ వాక్యములోనే అందలి జాతులకును ప్రాంతములకును స్వయంపాలన హక్కును గుర్తించుచున్నది. ఒకే వాక్యములో ఇరువురును తమకు కావలసిన సగమును చదువుకొనిరి. ముప్పది సంవత్సరములు అట్లే గడచెను.

చిక్కు 2006లో ఆరంభమయ్యెను. కాటలోనియా తన స్వయంపాలన శాసనమును క్రొత్తగా వ్రాసికొనెను. మాడ్రిడ్ పార్లమెంటు దానిని కత్తిరించి ఆమోదించెను. ప్రజలు వోటుతో స్థిరపరచిరి. అంతట అప్పటి ప్రతిపక్షమైన పీపుల్స్ పార్టీ రాజ్యాంగ న్యాయస్థానమున దావా వేసెను. నాలుగేండ్లు నాన్చి 2010 జూన్ 28న న్యాయస్థానము 14 అధికరణములను కొంతగానో, పూర్తిగానో కొట్టివేసెను. జాతి అను పీఠికలోని మాటకు చట్టరీత్యా విలువ లేదనెను. ప్రజలు వోటు చేసి ఒప్పుకొన్న ఒడంబడికను అటుపిమ్మట న్యాయమూర్తులు దిద్దుట చట్టసమ్మతమే కావచ్చును; రాజకీయముగా అది అవివేకము. వోటు ముందో తీర్పు ముందో తేల్చుకొనని ఏర్పాటు ఎవరికిని గౌరవము తేదు.

ఆ జులై 10న బార్సిలోనాలో తీర్పును నిరసించుచు మహాప్రదర్శన జరిగెను. దానికి ముందు నడిచినవాడు అప్పటి కాటలోనియా అధ్యక్షుడు హోసే మొంతియా. ఈయన ఆండలూసియాలోని ఒక గ్రామమున పుట్టి, పదునారేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో వలసవచ్చినవాడు. కండేల్ చెప్పిన ‘ఇతర కాటలాను’ అధ్యక్ష పీఠమెక్కి కాటలోనియా గౌరవముకొరకు వీధిలో నడుచుచుండెను. స్వాతంత్ర్యవాదులు కొందరు ఆయనపై కేకలు వేయగా, రక్షకభటుల నడుమ ఆయన తప్పుకొనిపోవలసి వచ్చెను. కేంద్రమునకు ఆ అధ్యక్షుని విలువ తెలియలేదు. కేకలు వేసినవారికిని తెలియలేదు. తరువాత జరిగినదానికెల్ల ఆ సాయంకాలమే నాంది.

ఆర్థిక సంక్షోభము మంటకు గాలియయ్యెను. బాస్క్ దేశమువలె తన పన్నులను తానే వసూలు చేసికొను హక్కును 2012లో కాటలోనియా అధ్యక్షుడు ఆర్తుర్ మాస్ కోరెను. ప్రధాని రహోయ్ నిరాకరించెను. ప్రజాభిప్రాయ సేకరణకు అనుమతి కోరగా 2014 ఏప్రిలులో మాడ్రిడ్ పార్లమెంటు 299 వోట్లతో త్రోసిపుచ్చెను. అనుకూలముగా 47 వచ్చెను. ఆ సంవత్సరమే స్కాట్లండులో, లండను ప్రభుత్వముతో ముందుగా కుదిరిన ఒప్పందము ప్రకారము, వోటింగు శాంతముగా జరిగి, నూటికి 55 మంది కలిసియుండుటకే ఇష్టపడిరి. అంతకుముందు 1998లో కెనడా సర్వోన్నత న్యాయస్థానము క్విబెక్ విషయమున తీర్పు చెప్పుచు, ఏకపక్షముగా విడిపోవు హక్కు ఏ రాష్ట్రమునకును లేదనియు, అయినను స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన ఆధిక్యముతో సమాధానము వచ్చినచో ఇతరులు సంప్రదింపులకు కూర్చుండక తప్పదనియు నిర్ణయించెను. అటు చట్టమును, ఇటు ప్రజాభిప్రాయమును దేనినిగాని అవమానింపని తీర్పది. మాడ్రిడ్ నాయకులకు ఈ మార్గము తెలియకపోలేదు. రాజ్యాంగమందు కుదరదనిరి. రాజ్యాంగము ముఖ్య రాజకీయ విషయములలో సలహాపూర్వక ప్రజాభిప్రాయ సేకరణకు తొంబదిరెండవ అధికరణమున తావిచ్చుచునే యున్నది. కావలసినది మనసు.

తెలుగు పాఠకులు ఈ కథను చదువునపుడు 1953, 1956, 2014 సంవత్సరములు తలపునకు వచ్చుట సహజము. పోలిక కొంతదూరమే సాగును. ఆంధ్ర, తెలంగాణ ఉద్యమములు దేశమను ఇంటిలో వేరు గదిని కోరినవేగాని ఇల్లు విడిచిపోదుమనలేదు. భారత రాజ్యాంగపు మూడవ అధికరణము పార్లమెంటునకు గదుల గోడలు జరుపు అధికారమును ఇచ్చుచున్నది. 1963 నాటి పదునారవ సవరణ ఇల్లు విడిచిపోవు మాటకు అడ్డుకట్ట వేసెను. ఈ దేశమున గోడలు జరుపుట సాధ్యము గనుకనే పెక్కు తగవులు గోడలవద్దనే ఆగెను. స్పెయిన్‌లో కాటలానులు కోరిన గది విస్తీర్ణము 2010లో తగ్గింపబడెను. అంతట వారిలో పలువురు వీధి తలుపువైపు చూచిరి.

కేంద్రపు దోషము ఇంతగా నున్నపుడు బార్సిలోనా పాలకులు నిర్దోషులనుట తగునా? తగదు. 2015 ఎన్నికలలో స్వాతంత్ర్య పక్షములకు వచ్చిన వోట్లు నూటికి 48 లోపుననే. నియోజకవర్గముల ఏర్పాటు వలన శాసనసభలోని 135 స్థానములలో 72 వారికి దక్కెను. ఆ ఆధిక్యముతో వారు 2017 సెప్టెంబరు 6, 7 తేదీలలో ప్రజాభిప్రాయ సేకరణ శాసనమును, విడిపోవు మార్గమును నిర్దేశించు మరియొక శాసనమును తొందరతొందరగా ఆమోదించిరి. ప్రతిపక్ష సభ్యులు పెక్కురు సభ విడిచిపోయిరి. స్వయంపాలన శాసనమును సవరించుటకే సభలో మూడింట రెండువంతుల వోట్లు, అనగా 90 కావలెను. ఒక పేరాను మార్చుటకు 90 కావలసినచోట దేశమునే మార్చుటకు 72 చాలునట! ఈ ఒక్క లెక్క సరిచూచుకొన్నను వారు ఆగియుందురు. ఆ ఖాళీ కుర్చీలలో కూర్చుండవలసినవారు సగము కాటలోనియా ప్రతినిధులని వారికి తోచలేదు. మాడ్రిడ్ తమను చూచినట్లే వారు తమ పొరుగువానిని చూచిరి.

అక్టోబరు 1 తరువాత పరిణామములు ప్రవాహమువలె సాగెను. 3వ తేదీ రాత్రి ఆరవ ఫెలిపే రాజు చేసిన ప్రసంగమున దెబ్బలు తిన్నవారినిగూర్చి ఒక్కమాటయు లేదు. పెద్ద బ్యాంకులు రెండును వారములోపలనే తమ ప్రధాన కార్యాలయపు చిరునామాను కాటలోనియా వెలుపలికి మార్చుకొనెను. 8వ తేదీన ఐక్యవాదులు లక్షలుగా బార్సిలోనా వీధులలోనికి వచ్చిరి. అంతవరకు నోరు మెదపని సగము ఆనాడు లోకమునకు కనిపించెను. 10వ తేదీన అధ్యక్షుడు కార్లెస్ పుయిగ్‌డెమాంట్ స్వాతంత్ర్యమును ప్రకటించినట్లే ప్రకటించి, కొన్ని క్షణములలో దానిని నిలిపివేసెను. 27న శాసనసభ 70 వోట్లతో గణరాజ్యమును ప్రకటింపగా, అదే దినమున మాడ్రిడ్ సెనేటు అంతకుముందెన్నడును ప్రయోగింపని నూటయేబదియైదవ అధికరణము క్రింద కాటలోనియా పాలనను కేంద్రమునకు అప్పగించెను. క్రొత్త గణరాజ్యమునకు ఒక్క ప్రభుత్వమును గుర్తింపు నొసగలేదు. అధ్యక్షుడు బెల్జియమునకు పోయెను. ఉపాధ్యక్షుడు ఓరియోల్ జున్‌కేరాస్ చెరకు పోయెను.

కేంద్రము జరిపించిన డిసెంబరు 21 ఎన్నికలే అసలైన ప్రజాభిప్రాయ సేకరణ యనవలెను. నూటికి 79 మంది వోటు చేసిరి. స్పెయిన్ ఐక్యమును గట్టిగా సమర్థించు సియుదదాన్స్ పక్షము 36 స్థానములతో ప్రథమస్థానమున నిలిచెను. స్వాతంత్ర్య పక్షములన్నియు కలిసి 70 స్థానములను, నూటికి 47న్నర వోట్లను పొందెను. లాఠీలు, జైళ్లు, ప్రసంగములు, బ్యాంకుల వలస, ఇన్ని జరిగినను రెండేండ్లకు ముందున్న లెక్క ఇంచుమించు కదలలేదు. ఇరుపక్షములును ఎదుటివానిని ఒప్పించు పని మాని తమవారిని రెచ్చగొట్టు పనిలోనే యుండిరని దీనికర్థము.

2019 అక్టోబరు 14న సర్వోన్నత న్యాయస్థానము తొమ్మండుగురు నాయకులకు రాజద్రోహకర చర్యలక్రింద తొమ్మిది మొదలు పదుమూడేండ్ల శిక్ష విధించెను. బార్సిలోనా వీధులు కొన్ని రాత్రులు మండెను. అప్పుడు అధికారములో నున్న పేద్రో సాంచెస్ 2021 జూన్‌లో వారికి క్షమాభిక్ష నిప్పించెను. 2022 చివర ఆ నేరమునే శిక్షాస్మృతినుండి తొలగించిరి. 2024 మే 30న సార్వత్రిక క్షమాదాన శాసనము 177 వోట్లతో నెగ్గెను, ప్రతికూలముగా 172. రాజ్యాంగ న్యాయస్థానము 2025 జూన్‌లో దానిని సమర్థించెను. ఈ ఔదార్యము నిష్కళంకమైనదనుటకు వీలులేదు. 2023 ఎన్నికలలో ఆధిక్యము రాని సాంచెస్‌కు పుయిగ్‌డెమాంట్ పక్షపు ఏడు స్థానములు అవసరమయ్యెను. క్షమాదానము ఆ ఏడింటి వెల. అంతకుముందు అది రాజ్యాంగవిరుద్ధమని పలికిన నోళ్లే మాట మార్చెను. అయినను ఫలితమును చూడవలెను. 2024 మే ఎన్నికలలో, నాలుగు దశాబ్దములలో మొదటిసారి, కాటలాన్ జాతీయవాద పక్షములకు శాసనసభలో ఆధిక్యము పోయెను. సోషలిస్టు సాల్వదోర్ ఇల్యా స్వాతంత్ర్యవాదులలో ఒక పక్షముయొక్క వోట్లతోనే ఆగస్టు 8న అధ్యక్షుడయ్యెను. లాఠీ చేయలేని పనిని చెరసాల తాళపుచెవి చేసెను. అంగడిలో కొన్న తాళపుచెవియైనను తలుపు తెరచుకొనెను.

కాని ఈ దశాబ్దపు రభసలో కాటలాన్ భాష పోగొట్టుకొన్నదానిని ఎవరును తిరిగి తెచ్చి ఇయ్యలేదు. తాము నిత్యము వాడు భాష కాటలాన్ అని 2003 నాటి సర్వేలో చెప్పినవారు నూటికి 46 మంది. 2023లో 32 మందికి కొంచెము పైన. దక్షిణ అమెరికానుండియు, ఆఫ్రికానుండియు, ఆసియానుండియు వచ్చిన క్రొత్త వలసలు ఇందుకు ప్రధాన కారణము. సాంతా కొలోమా వీధులలో నేడు మరికొన్ని భాషలు వినిపించుచున్నవి. ఒకప్పుడు కాటలాన్ నేర్చుట కార్మికుని బిడ్డకు పైకి పోవు నిచ్చెన. 2017 తరువాత పలువురి దృష్టిలో అది ఒక పక్షపు పతాకమయ్యెను. పతాకమును చూచి కొందరు నమస్కరింతురు, కొందరు ముఖము త్రిప్పుకొందురు. నిచ్చెనపై ఎవరికిని ద్వేషముండదు. భాషాభిమానము పేరిట ఉద్యమము నడిపినవారే భాషకు ఈ నష్టము తెచ్చిరనుట కఠినముగా తోచవచ్చును. కాని కాదనుట కష్టము.

పోరు ఇప్పుడు బడిలోనికి వచ్చినది. పాఠములలో నాల్గవవంతు స్పానిష్‌లో చెప్పవలెనని కాటలోనియా ఉన్నత న్యాయస్థానము 2020లో తీర్పు చెప్పెను. మరుసటి సంవత్సరము అది ఖాయమయ్యెను. 2022లో శాసనసభ క్రొత్త శాసనము చేసి, నూటికి ఇంత అను లెక్కకు బదులుగా ప్రతి పాఠశాల తన విద్యార్థుల పరిస్థితిని బట్టి నిర్ణయించుకొనునట్లు ఏర్పరచెను. దానికి సోషలిస్టులు, స్వాతంత్ర్యవాదులు కలిసి వోటు చేసిరి. 1983 తరువాత అట్టి కలయిక అరుదు. అంతలో ఒక చిన్న పట్టణములో నాల్గవవంతు స్పానిష్ కోరిన కుటుంబముపై దూషణల వాన కురిసెను. మాడ్రిడ్ పక్షములు ఆ కుటుంబమును వేదికలమీద వాడుకొనెను. రెండు వైపులనుండియు లాగబడినది అయిదేండ్ల బిడ్డ. గణితము ఏ భాషలో చెప్పవలెనో న్యాయమూర్తి శాతము కట్టి నిర్ణయించుట, ఏ భాషలో చెప్పుమని కోరినందులకు ఒక తండ్రిని వీధిలోనికి లాగుట, రెండును ఉపాధ్యాయుని చేతిలోని పనిని లాగుకొనుటయే. తరగతిలో ఇరువదిమంది పిల్లల మాటను ప్రతిదినము వినువానికి ఎవనికి ఏ భాష తక్కువగా నున్నదో తెలియును.

మాడ్రిడ్ పార్లమెంటులో 2023 సెప్టెంబరు 19న కాటలాన్, బాస్క్, గలీసియన్ భాషలలో ప్రసంగించుటకు తొలిసారి నియమపూర్వకముగా అవకాశము కలిగెను. అనువాదమును వినుటకు సభ్యులకు చెవి యంత్రములు పంచిరి. తీవ్ర మితవాద పక్షమైన వోక్స్ సభ్యులు వానిని ధరింపక, తెచ్చి ప్రధానమంత్రి ఖాళీ ఆసనముమీద కుప్పగా పోసి సభ విడిచిపోయిరి. మిగిలినవారిలో పలువురు చెవులకు తగిలించుకొని కూర్చుండిరి.